ఫస్ట్ సెమిస్టర్ ఫిజిక్స్, ఒంటికి వ్యాయామం: రెండూ ఒకే గ్రౌండ్‌లో ఎలా చేయాలి

దోస్త్‌లో (తెలంగాణ డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు) సీటొచ్చింది, ఎంపీసీఎస్ (మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్) గ్రూపు పడింది, హనుమకొండలో రూమో హాస్టలో దొరికింది. ఇక అక్కడి నుంచి క్లాసులో బోర్డు నిండా డెరివేషన్లు, రూముకొస్తే కూర్చుని కూర్చుని నడుం పట్టేయడం. పీడీ సార్ (ఆటలు నేర్పే సార్) పొద్దున్నే గ్రౌండ్‌కు రమ్మంటాడు, ఫిజిక్స్ మేడమ్ ల్యాబ్ రికార్డు ఎప్పుడు పెడతావని అడుగుతుంది, రెండింటికీ టైం ఎక్కడిదని నీకు టెన్షన్. నేను చెప్పేది ఒకటే, వీటిని రెండు పనులుగా చూడకు. మెకానిక్స్ పేపర్లో ఉన్న వేగం, బలం, పని, శక్తి, టార్క్ (బలం తిప్పే ప్రభావం) అన్నీ నువ్వు పరుగెత్తినప్పుడు, మెట్లెక్కినప్పుడు, దూకినప్పుడు జరిగేవే. పొద్దున గ్రౌండ్‌లో ఒక కొలత తీసుకో, సాయంత్రం దాన్ని లెక్క చేసి రాయి. అంతే పద్ధతి. తమ్మీ, చెల్లె, ఇద్దరికీ పనికొచ్చేలా వరసగా చెబుతా.

ముందు సామాను, చోటు

ఒక లాంగ్ నోట్‌బుక్, 30 సెంటీమీటర్ల స్కేలు, టైలర్ టేపు, ఫోన్‌లో స్టాప్‌వాచ్. బరువు చూసే మిషన్ పీడీ సార్ రూములో ఉంటుంది, అడిగితే ఇస్తాడు. జిమ్ ఫీజు కట్టాల్సిన పని లేదు, ఫస్టియర్‌లో అయితే అసలే లేదు, ఆ డబ్బులు ఉంటే మంచి బూట్లు కొనుక్కో. చోటు సంగతికొస్తే హనుమకొండలో ఉన్నవాళ్లకు జేఎన్ఎస్, అంటే జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం ఉంది (లోపలికి ఎప్పుడు రానిస్తారో గేటు దగ్గర అడుగు), సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ ఉంది, కాకతీయ యూనివర్సిటీ రోడ్లున్నాయి, భద్రకాళి చెరువు కట్ట ఉంది. ఊరి నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేవాళ్లకు ఊళ్లో స్కూల్ గ్రౌండ్ చాలు. ఉబ్బసం, గుండె సమస్య, పాత మోకాలి దెబ్బ ఏదైనా ఉంటే డాక్టర్‌ను అడిగాకే మొదలుపెట్టు. పరుగులో ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా అక్కడే ఆపు, మొండికెయ్యకు.

ఎంతసేపు అంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, దాంతో పాటు రెండు రోజులు కండరాలకు పని. అంటే వారంలో ఐదు రోజులు అరగంట చొప్పున. ఇన్‌స్టాలో చూపించే రెండు గంటల వర్కవుట్లు నీకోసం కాదు.

మొదటి వారం: నాడి పట్టుకుని లెక్కపెట్టు

పొద్దున్నే మంచం దిగకముందే మణికట్టు దగ్గర బొటనవేలి వైపు రెండు వేళ్లు పెట్టి నాడి చూడు. బొటనవేలితో మాత్రం చూడకు, దానికీ సొంత నాడి ఉంటుంది, లెక్క తప్పుతుంది. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించడం అందరూ చేసేదే. ఇప్పుడు అదే 60 సెకన్ల పాటు లెక్కపెట్టి, రెండూ పక్కపక్కన రాయి. 15 సెకన్లలో ఒక్క దెబ్బ అటూ ఇటూ అయితే నిమిషానికి నాలుగు తేడా వస్తుంది, 60 సెకన్లు చూస్తే అదే ఒక్క దెబ్బకు ఒకటే తేడా. ప్రాక్టికల్స్ మొదట్లో 'ఎర్రర్స్' అని ఒక పేజీ రాయించి వదిలేస్తారు చూడు, ఆ పేజీలో ఉన్నది ఇదే. పెద్దవాళ్లకు విశ్రాంతిలో నాడి మామూలుగా 60 నుంచి 100 మధ్య ఉంటుంది. కొన్ని నెలలు క్రమం తప్పకుండా పరుగెత్తితే ఈ అంకె మెల్లగా తగ్గుతుంది, అందుకే మొదటి రోజు అంకె పోగొట్టుకోకు.

పరుగు ఆపిన వెంటనే ఒకసారి, నిమిషం ఆగి ఇంకోసారి చూడు. గరిష్ఠ నాడి అంటే 220 లోంచి వయసు తీసేయమంటారు, 18 ఏళ్లకు 202, అది ఉజ్జాయింపు మాత్రమే, ఒక్కొక్కరికి బాగా తేడా ఉంటుంది. ఓ మోస్తరు వ్యాయామం అంటే మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. నన్నడిగితే ఈ గుర్తే మేలు, దీనికి కాలిక్యులేటర్ అక్కర్లేదు.

నీ చెయ్యి ఎంత ఆలస్యమో కనుక్కో

ఇది నాకు బాగా ఇష్టమైన భాగం, కొంచెం సాగదీస్తా. రూమ్మేట్‌ను స్కేలు పైనుంచి నిలువుగా పట్టుకోమను, సున్నా గీత నీ రెండు వేళ్ల మధ్య ఉండాలి, చెప్పకుండా వదలమను, పడుతుంటే పట్టుకో. ఎన్ని సెంటీమీటర్ల దగ్గర పట్టుకున్నావో చూడు. దూరం అంటే అర జీటీ స్క్వేర్ కదా (జీ అంటే గురుత్వ త్వరణం 9.8, టీ అంటే కాలం), 20 సెంటీమీటర్ల దగ్గర దొరికితే 0.4 ని 9.8 తో భాగించి వర్గమూలం తీస్తే దాదాపు 0.2 సెకన్లు వస్తుంది. 15 దగ్గర దొరికితే 0.175. పదిసార్లు చేసి సగటు తీసుకో. రాత్రంతా ఫోన్ చూసిన మర్నాడు కూడా చేసి చూడు, రెండు సగటులూ పక్కపక్కన పెట్టు, నిద్ర గురించి నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఈ 0.2 ని ల్యాబ్‌కు తీసుకుపో. ఒక మీటరు దారానికి గుండు కట్టి ఊపితే ఒక డోలనానికి సుమారు 2 సెకన్లు పడుతుంది. జీ విలువ కావాలంటే 4 పై స్క్వేర్ ఇంటూ ఎల్, బై టీ స్క్వేర్ (ఎల్ దారం పొడవు, టీ ఒక డోలనానికి పట్టే కాలం). ఒక్క డోలనమే కొలిచి, నీ చేతి ఆలస్యం వల్ల 0.2 సెకన్లు తప్పిందనుకో, రెండు సెకన్లలో అది పది శాతం, టీ వర్గంలో ఉంది కాబట్టి జీ విలువ ఇరవై శాతం దాకా తప్పుతుంది. 20 డోలనాలు కొలిస్తే మొత్తం 40 సెకన్లు, అదే 0.2 ఇప్పుడు అర శాతం, జీలో ఒక్క శాతం తప్పు. స్టాప్‌వాచ్ నొక్కేటప్పుడూ ఆపేటప్పుడూ ఆలస్యం ఉంటుంది కాబట్టి కొంత ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, కానీ పూర్తిగా పోతుందని నమ్మలేం. వైవాలో (ప్రాక్టికల్స్‌లో నోటి ప్రశ్నలు) బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ '20 డోలనాలు ఎందుకమ్మా' అని అడిగితే 'రికార్డులో అట్లనే ఉంది సార్' అనేవాళ్లే ఎక్కువ. నీ దగ్గర నీ సొంత అంకె ఉంటుంది.

పరుగు: ల్యాప్ టైములు రాయకుండా పరుగెత్తకు

పొద్దుగాల గ్రౌండ్లలో ఎక్కువగా కనిపించేది పోలీస్ కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు (పరుగు, దూకుడు పరీక్షలకు) తయారయ్యేవాళ్లు. 2022 తెలంగాణ నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. నువ్వు పోలీస్ అవ్వాలనుకున్నా లేకున్నా ఈ 1600 మంచి గురి. 435 సెకన్లలో 1600 అంటే సగటు వేగం సెకనుకు 3.68 మీటర్లు, 400 మీటర్ల ట్రాక్ మీద ఒక్కో ల్యాప్‌కు దాదాపు 109 సెకన్లు. చాలామంది మొదటి ల్యాప్ 85 సెకన్లలో లాగేసి మూడో ల్యాప్‌లో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడతారు. సగటు వేగం, తక్షణ వేగం మధ్య తేడా పుస్తకంలో అర్థం కాకపోతే ఆ మూడో ల్యాప్‌లో అర్థమవుతుంది.

నువ్వు చేయాల్సింది ఇలా. మొదటి రెండు మూడు వారాలు నడక, మధ్యమధ్యలో నిమిషం పరుగు, అంతకుమించి వద్దు. తర్వాత నడక తగ్గిస్తూ పో. నాలుగు ల్యాపులూ ఆగకుండా చేయగలిగాక ప్రతి ల్యాప్‌కు ఫోన్‌లో ల్యాప్ బటన్ నొక్కు, సాయంత్రం గ్రాఫ్ షీట్ మీద వేగాన్ని, కాలాన్ని గీయి, ఆ గీత కింద వైశాల్యం 1600 వస్తుందో లేదో చూడు. రాకపోతే గీయడంలో ఎక్కడో తప్పుంది.

మన ట్రాక్ మీదే జరిగిన ఒక పరుగు చెబుతా. 2021 సెప్టెంబరులో జేఎన్ఎస్‌లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగితే హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లు 4 నిమిషాల 5.39 సెకన్లలో పరుగెత్తి, 2002 నుంచి సునీతా రాణి పేరు మీదున్న జాతీయ రికార్డు తిరగరాసింది. లెక్క వేస్తే సెకనుకు 6.11 మీటర్లు, గంటకు 22 కిలోమీటర్లు, ఒక్కో 400 మీటర్లు 65 సెకన్ల చిల్లర. నువ్వు ఒక్కసారి 100 మీటర్లు 16 సెకన్లలో పరుగెత్తి చూడు, ఆ వేగం అలాగే ఇంకో 1400 మీటర్లు కొనసాగించాలి.

నెలకోసారి 12 నిమిషాల పరుగు పెట్టుకో. కెన్నెత్ కూపర్ అనే అమెరికా ఎయిర్‌ఫోర్స్ డాక్టర్ 1968లో ఇచ్చిన పరీక్ష ఇది. 12 నిమిషాల్లో వెళ్లిన మీటర్లలోంచి 504.9 తీసేసి 44.73 తో భాగిస్తే ఒంటి బరువు కిలోకు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడగలవో ఒక అంచనా వస్తుంది. 2000 మీటర్లకు 33.4, 2400 మీటర్లకు 42.4. అది సరళరేఖ సమీకరణమే, వాలు ఎంతో నువ్వే కనుక్కో.

మెట్లు, చాయ్ లెక్క

కాలేజీలో కింది నుంచి రెండో ఫ్లోర్ దాకా మెట్లు లెక్కపెట్టు, ఒక మెట్టు ఎత్తు టేపుతో కొలువు. 40 మెట్లు, ఒక్కోటి 15 సెంటీమీటర్లు అనుకుంటే 6 మీటర్లు. 60 కిలోల మనిషి ఎక్కితే ఎంజీహెచ్ (ద్రవ్యరాశి ఇంటూ జీ ఇంటూ ఎత్తు) ప్రకారం 3528 జౌళ్ల పని. 12 సెకన్లలో ఎక్కితే 294 వాట్లు, అంటే హార్స్‌పవర్‌లో సగం కూడా కాదు. మెల్లగా ఎక్కినా పని అదే, పవర్ మాత్రం తగ్గుతుంది. ఈ రెండూ కలిపేసి మార్కులు పోగొట్టుకునేవాళ్లను ప్రతి ఏడూ చూస్తాం.

ఇప్పుడు అసలు సంగతి. మన కండరాలు తిన్నదాంట్లో నాలుగో వంతుకు మించి పనిగా మార్చలేవు, మిగతాది వేడి అయిపోతుంది. కాబట్టి ఆ 3528 కోసం ఒళ్లు ఖర్చు పెట్టేది సుమారు 14,100 జౌళ్లు, అంటే 3.4 కిలోకేలరీలు. చాయ్‌లో రెండు చెంచాల చక్కెర 10 గ్రాములు, 40 కిలోకేలరీలు. ఒక్క చాయ్‌లోని చక్కెర కరగాలంటే ఆ మెట్లు పన్నెండుసార్లు ఎక్కాలి. పాల సంగతి, పక్కన తిన్న ఉస్మానియా బిస్కెట్ సంగతి నేను అడగలేదు. వ్యాయామంతోనే బరువు తగ్గుతానని రోజుకు ఐదు చాయ్‌లు తాగేవాళ్లు ఈ పేజీ గోడకు అతికించుకోవాలి. ఆదివారం మెట్లే కావాలంటే పద్మాక్షి గుట్ట ఎక్కు, లెక్క వేరే, గాలి బాగుంటుంది.

దూకడం, దిగడం

గోడకు పక్కగా నిలబడి చెయ్యి చాపి చాక్‌పీస్ గీత పెట్టు, ఎగిరి ఇంకో గీత పెట్టు. మధ్య దూరం 30 సెంటీమీటర్లయితే నేల వదిలేటప్పుడు నీ వేగం సెకనుకు 2.4 మీటర్లు, గాల్లో ఉన్నది అర సెకను. ఎగరడం కన్నా దిగడం ముఖ్యం. మోకాళ్లు బిగించి దిగితే 5 సెంటీమీటర్లలో ఆగిపోతావు, అప్పుడు నేల నీ మీద పెట్టే సగటు బలం నీ బరువుకు ఏడు రెట్లు. మోకాళ్లు, తుంటి వంచి 30 సెంటీమీటర్ల మేర ఆగితే రెండు రెట్లే. మొదటిది 60 కిలోల మనిషికి 4116 న్యూటన్లు, రెండోది 1176. వర్క్-ఎనర్జీ థీరమ్ ఒక్కసారి రాస్తే ఈ రెండంకెలూ వస్తాయి. సిమెంటు నేల మీద చెప్పుల్లేకుండా స్కిప్పింగ్ చేసే హాస్టల్ పిల్లలు ఈ లెక్క తప్పకుండా వేయాలి.

లాంగ్ జంప్ చేసేవాళ్లకు ఒక మాట. పుస్తకంలో 45 డిగ్రీలకు రేంజ్ ఎక్కువ అని ఉంటుంది, నిజమే, కానీ పరుగెత్తుకుంటూ వచ్చి వేగం పోకుండా 45 డిగ్రీలకు లేవడం మనిషి వల్ల కాదు, మంచి జంపర్లు 20 డిగ్రీల చుట్టుపక్కలే లేస్తారు. షాట్‌పుట్ భుజం ఎత్తు నుంచి వదులుతాం కాబట్టి దానికీ 45 కన్నా తక్కువే.

పుషప్‌లలో టార్క్

వారంలో పరుగు లేని రెండు రోజులు కండరాల పని. చేతులు బరువు మిషన్ మీద పెట్టి పుషప్ పొజిషన్‌లో పైన ఆగు, పక్కవాణ్ణి అంకె చదవమను. అరచేతులు, కాలివేళ్లు ఒకే ఎత్తులో ఉండేలా కాళ్ల కింద పుస్తకాలు పెట్టుకుంటే ఇంకా మేలు. 60 కిలోల మనిషికి 40 దాకా చూపిస్తుంది. కాలివేళ్ల నుంచి అరచేతులకు దూరం 135 సెంటీమీటర్లు అనుకో, వేళ్ల చుట్టూ టార్కులు సమానం చేస్తే 40 ఇంటూ 135 బై 60, అంటే 90 సెంటీమీటర్ల దగ్గర నీ గరిమనాభి (ఒంటి బరువంతా ఉన్నట్టు లెక్కలోకి తీసుకునే చోటు) ఉంది. నీ గరిమనాభి నువ్వే కనుక్కున్నావు, ఎగ్జామ్‌లో ఎవరిదో నిచ్చెన గోడకు ఆనించి ఇస్తే భయపడకు, అదే లెక్క. నేల మీద ఒక్కటి కూడా రావట్లేదంటే సిగ్గేం లేదు, గోడకు చేతులు పెట్టి మొదలుపెట్టు, తర్వాత బెంచీ, తర్వాత నేల. ఎత్తు తగ్గేకొద్దీ చేతుల మీద బరువు ఎందుకు పెరుగుతుందో బొమ్మ గీసి చూడు.

5 కిలోల బరువు మోచెయ్యి తొంభై డిగ్రీలు వంచి పట్టుకుంటే, చెయ్యి పొడవు 35 సెంటీమీటర్లు, కండరం ఎముకను పట్టుకునే చోటు మోచేతికి సుమారు 4 సెంటీమీటర్లు. కండరం లాగాల్సిన బలం 429 న్యూటన్లు, అంటే 44 కిలోల బరువంత. చెయ్యి సొంత బరువు ఇందులో కలపలేదు. ఫస్టియర్‌లోనే ఫ్రెండ్స్ ముందు 20 కిలోలు ఎత్తబోయేవాడికి ఈ లెక్క చెప్పు. స్క్వాట్లు, పుషప్‌లు, పుస్తకాల బ్యాగు ఎత్తడం, ప్లాంక్, మొదటి సెమిస్టర్‌కు ఇవి చాలు.

సాయంత్రం గంట

పొద్దున తీసుకున్న కొలతకు ముందు బొమ్మ గీయి, ఏ బలం ఎటు అని బాణాలు వేయి, ఆ తర్వాతే ఫార్ములా. డెరివేషన్ బట్టీ పట్టకు, మొదటి లైను ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే మిగతాది ఆల్జీబ్రానే. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు తెలుగు అకాడమీ పుస్తకం ముందు చదివి, తర్వాత క్లాస్ నోట్స్ చూడండి, రెండు వారాలు ఇబ్బందిగా ఉంటుంది, తర్వాత అలవాటవుతుంది. ఫ్లైవీల్, కాంపౌండ్ పెండ్యులం లాంటి ప్రాక్టికల్స్ చేసిన రోజే రికార్డు రాయి. చివర్లో ఒక్క రాత్రిలో పన్నెండు రాసేవాడి గ్రాఫులు చూస్తే మేడమ్‌కు తెలిసిపోతుంది.

తిండి గురించి రెండే మాటలు. ప్రొటీన్ పౌడర్ వద్దు. 60 కిలోల మనిషికి రోజుకు 50 గ్రాముల ప్రొటీన్ చాలు, ఒక గుడ్డులో 6 గ్రాములు, గుప్పెడు పల్లీల్లో ఇంచుమించు అంతే, పప్పు, పెరుగు, జొన్నరొట్టె ఎలాగూ ఉన్నాయి. ఇంటి నుంచి వచ్చిన సర్వపిండి కూడా మంచిదే, నూనె చూసుకో.

ఎండ మాత్రం జోక్ కాదు. ఫిబ్రవరి దాటాక ఏడు లోపే పరుగు ముగించు, సాయంత్రమైతే పొద్దుగూకాక. ఒక గ్రాము చెమట చర్మం మీద ఆవిరైతే దాదాపు 2.4 కిలోజౌళ్ల వేడి తీసుకుపోతుంది, నేల మీదకు కారిపోయినా, టవల్‌తో తుడిచేసినా ఆ లాభం ఉండదు. వానాకాలం ఉక్కలో చెమట ఆరదు కాబట్టి తక్కువ వేగానికే ఎక్కువ అలసట, అప్పుడు టైమింగ్ పడిపోయిందని దిగులు పడకు. ఈ పేజీ దాచుకో, థర్మల్ ఫిజిక్స్ వచ్చినప్పుడు పనికొస్తుంది.

దసరా సెలవుల్లో ఊరికి పోతే అలవాటు తప్పుతుందని అందరూ భయపడతారు. ఆడపిల్లలకు ఆ తొమ్మిది రోజుల బతుకమ్మే బోలెడు వ్యాయామం, వలయంలో వంగుతూ లేస్తూ గంటసేపు తిరిగి నాడి చూసుకుంటే తెలుస్తుంది. మగపిల్లలు చెరువు కట్ట మీద నడవండి, లేదా పొలం పనికి పోండి.

పరీక్షల వారం

కొత్త వ్యాయామం ఏదీ మొదలుపెట్టకు, కండరాలు పట్టేసి మూడు గంటలు బెంచీ మీద కూర్చోవడం నరకం. రోజూ 20 నిమిషాల నడక చాలు. లాంగ్ నోట్‌బుక్ తీసి నువ్వు వేసిన లెక్కల్లో అంకెలు మార్చి మళ్లీ వెయ్యి, 60 కిలోల చోట 75 పెట్టు, 12 సెకన్ల చోట 9 పెట్టు. ఏడు గంటలు పడుకో. ప్రాక్టికల్ రోజు పొద్దున స్కేలు వదిలే ఆట ఐదుసార్లు ఆడి, ఆ రోజు నీ చెయ్యి ఎంత ఆలస్యంగా ఉందో రాసుకుని ల్యాబ్‌కు పో.